అభిమానం అని రాస్తే అత్తగారు ఎందుకు అలిగారు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదువుతూ ముందు నవ్వాను, సగంలోకి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. రాసినావిడ వయసు ముప్పై ఒకటి, ఊరు కాకినాడ, బెంగళూరులో ఉద్యోగం, అక్కడే పరిచయమైన బెంగాలీ అబ్బాయిని మూడేళ్ల కిందట ఇరువైపులా ఒప్పించి పెళ్లి చేసుకున్నారు. అత్తగారూ మామగారూ కోల్‌కతాలో. ఇప్పుడు ఆవిడకి ఎనిమిదో నెల. ఏడో నెలలో సీమంతానికని బెంగళూరు నుంచి రైల్లో కాకినాడ వచ్చి, ఆఫీసువాళ్లు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు కాబట్టి పుట్టింట్లోనే ఉండిపోయారు.

సీమంతానికి అత్తగారు రాలేదట. మోకాళ్ల నొప్పులు, అంత దూరం కూర్చోలేను అన్నారట. సరే అనుకున్నారు. కానీ ఆ వారంలోనే ఆవిడ బర్ధమాన్‌లో ఎవరిదో పెళ్లికి వెళ్లిన ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో కనిపించాయి. "నేను ఏమీ అనలేదండీ, పెద్దావిడ, ఏదో ఉంటుందిలే అని వదిలేశా" అని రాశారు ఈ అమ్మాయి. ఐదు రోజులకి అత్తగారి పుట్టినరోజు వచ్చింది. ఈసారి ఇంగ్లీషులో కాకుండా బెంగాలీలో విష్ చేద్దామని, తనకి తెలిసిన ముక్కలన్నీ కూడగట్టి, పద్నాలుగు మంది ఉన్న గ్రూపులో "మా, తోమార్ ఓపోర్ ఆమార్ ఖూబ్ ఓభిమాన్" అని పెట్టారు. అమ్మా, మీ మీద నాకు చాలా అభిమానం అని, ఆవిడ ఉద్దేశంలో. కింద కేక్ బొమ్మ కూడా.

అత్తగారు చూశారు, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. పిషీ, అంటే మేనత్త, ఒక ఏడుపు మొహం పెట్టారు. భర్తగారేమో లవ్ సింబల్ పెట్టారు. ఇది జరిగి నెలన్నర. రోజూ సాయంత్రం "బౌమా (కోడలా), ఏం తిన్నావు" అని ఫోన్ చేసే మనిషి, కోడలు చేస్తే "బాగున్నాను" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తున్నారు. అడిగితే భర్త "మా ఓభిమాన్ కోరేఛే" అన్నాడట, అంటే అమ్మ ఓభిమాన్ చేసిందని, ఆ ఓభిమాన్ ఏంటంటే "ఒక టైప్ ఆఫ్ ఈగో" అన్నాడట. కాకినాడలో అమ్మగారికి చెబితే "అభిమానం ఉన్న మనిషైతే ఫోన్ ఎత్తి మాట్లాడాలి కదే, ఇదేం అభిమానం" అన్నారట. ఆఫీసులో పట్నా అమ్మాయిని అడిగితే "అభిమాన్ అంటే పొగరు, నువ్వు మీ అత్తగారికి పొగరు అని రాశావేమో" అని భయపెట్టిందట. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ ఇంకోటేదో చూపించింది. "ఇంతకీ నేను రాసిందేంటి, ఆవిడకి అర్థమైందేంటి, తప్పు నాదా, సారీ చెప్పాలా, వచ్చే నెల డెలివరీకి ఆవిడ వస్తే బావుండును అని ఉంది, ఎలా" అని అడిగారు.

అమ్మాయ్, ముందు మాట సంగతి చూద్దాం, మనుషుల సంగతి తర్వాత. నేను అడిగించుకోకుండానే చెప్పే మనిషిని, అందులోనూ ఇది నాకు బాగా తెలిసిన గొడవ, ఎందుకంటే మా నాన్న రైల్వేలో చేసేవారు, నా చిన్నతనమంతా ఖరగ్‌పూర్‌లో గడిచింది. అక్కడ తెలుగువాళ్లు బోలెడంతమంది, శ్రీకాకుళం విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి స్థిరపడిపోయిన కుటుంబాలు, అంచేత ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, స్టేషన్‌లో హిందీ, ఇలా మూడు నీళ్లలో మునిగి తేలాం.

మీరు రాసిన వాక్యంలో గ్రామర్ తప్పు ఒక్కటి కూడా లేదు. అదే కొంప ముంచింది. తప్పుల తడకగా రాసి ఉంటే "పాపం పిల్ల ట్రై చేసింది" అని నవ్వేసేవారు. మీరు నిక్షేపంలాంటి బెంగాలీలో, పుట్టినరోజు నాడు, పద్నాలుగు మంది ముందు "అమ్మా, మీ మీద నా మనసు బాగా నొచ్చుకుంది" అని రాశారు. అక్షరాలా అదే అర్థం.

బెంగాలీలో ఓభిమాన్ అంటే ప్రేమ కాదు, పొగరు కాదు, మీ ఆయన చెప్పిన ఈగో అసలే కాదు. మనవాళ్లు అనుకున్నవాళ్లు మనల్ని పట్టించుకోనప్పుడు లోపల పుట్టే నొప్పి అది. కోపం కాదు, ఎందుకంటే కోపం ఎవరి మీదైనా వస్తుంది, ఆటోవాడి మీద కూడా వస్తుంది. ఆటోవాడి మీద ఓభిమాన్ రాదు. బాగా దగ్గరవాళ్ల మీదే వస్తుంది, పైకి చెప్పరు, మాటలు తగ్గిస్తారు, అడిగితే ఏం లేదంటారు, అవతలివాళ్లే కనిపెట్టి వచ్చి బుజ్జగించాలని చూస్తుంటారు. అలా బుజ్జగించడానికి కూడా వాళ్లకి ఒక మాట ఉంది, ఓభిమాన్ భాంగానో, అంటే ఓభిమానాన్ని విరగ్గొట్టడం. మన అలక తీర్చడం లాంటిదే. కానీ అలక కొంచెం పైకి కనిపించేది, మూతి ముడుపు, విసురు, పెళ్లిలో అలకపాన్పు ఎక్కి కూర్చున్న అల్లుడికి స్కూటర్ కావాలని అందరికీ తెలుసు. ఓభిమాన్‌కి స్కూటర్ అక్కర్లేదు. మన వైపు దానికి దగ్గర మాట చెప్పమంటే నేను "చిన్నబుచ్చుకోవడం", "నొచ్చుకోవడం" అంటాను, కినుక అనేది కూడా సరిపోయేది కానీ ఇప్పుడు ఆ మాట పుస్తకాల్లో తప్ప ఎవరి నోటా రావట్లేదు.

మరి ఒకే సంస్కృతం మాట మూడు చోట్ల మూడు రకాలు ఎలా అయింది అంటారా. అభి అనే ఉపసర్గ, మన్ అనే ధాతువు, మన్ అంటే తలచుకోవడం, అనుకోవడం. మనసులో మన్ అదే. దేన్నో పట్టుకుని "ఇది నేను, ఇది నాది" అని అనుకోవడమే అభిమానం. సాంఖ్య దర్శనం చెప్పే పాత గ్రంథం సాంఖ్యకారిక, దాని 24వ కారికలో "అభిమానోఽహంకారః", అభిమానమే అహంకారం, అని సూటిగా ఉంటుంది. గీత పదహారో అధ్యాయం నాలుగో శ్లోకంలో దంభం, దర్పం, అభిమానం, క్రోధం అని ఆసుర గుణాల వరసలో కూర్చోబెట్టారు, కొన్ని ప్రతుల్లో అక్కడ అతిమానం అని ఉంటుందనుకోండి. మీ పట్నా కొలీగ్ చెప్పింది ఆ వరసలో వచ్చిన అర్థమే, హిందీలో అభిమాన్ అంటే గర్వం. అంచేత ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, వేరే ఊరి మాట చెప్పింది అంతే.

మన తెలుగువాళ్లం ఆ "నాది" అనేదాన్ని మనుషుల మీదకి తిప్పాం. మావాళ్లు అనుకుంటే అభిమానం. హీరో మావాడు అనుకుంటే అభిమాని, భాష మాది అనుకుంటే భాషాభిమానం, అది శ్రుతి మించితే దురభిమానం. కానీ పాత అర్థం కూడా ఇంట్లోంచి పోలేదు, గమనించారా? "అభిమానం చంపుకుని వెళ్లి డబ్బు అడిగాను" అన్నప్పుడు అందులో ప్రేమ ఎక్కడుంది? "పేదవాడే గానీ అభిమానం గల మనిషి" అంటే ఆత్మగౌరవం. మీ అమ్మగారు "అభిమానం ఉన్న మనిషైతే" అన్నారు చూడండి, ఆవిడ ప్రేమ అనే అర్థంలో అన్నారు, అదే మాట ఇంకో గొంతుతో అంటే "సిగ్గూ శరం ఉన్న మనిషైతే" అని కూడా అవుతుంది. మా అమ్మమ్మ అయితే ఇంకో వాడుక వాడేది. "నడిపి కోడలు బొట్టు పెట్టి పిలవలేదని అభిమానపడి రాలేదు" అనేది. అభిమానపడటం! ఇదిగో ఇది అచ్చం మీ అత్తగారి ఓభిమానే. మన దగ్గరా ఉండేది, వాడకం తగ్గి మూలకి పోయింది, బెంగాల్‌లో అదే నడింట్లో కూర్చుంది.

ఇంకో సంగతి, మీరు ఉత్తరంలో ఒక చిట్కా రాశారు, తెలుగులో ఉన్న సంస్కృతం మాటల్లో అ తీసి ఓ పెట్టి, వ ఉన్నచోట బ పెడితే బెంగాలీ అయిపోతుందని. రవీంద్ర రొబీంద్రొ, ధన్యవాదం ధొన్నొబాద్. చదివి నవ్వుకున్నా, మేమందరం చేసిన పనే ఇది! సగంసార్లు పనిచేస్తుంది కాబట్టే దాన్ని నమ్ముతాం. సంసారం ఉంది చూడండి, హిందీవాళ్లకి ప్రపంచం, మనకీ బెంగాలీలకీ మాత్రం ఇల్లూ పిల్లలూ వంటా అప్పులూ. ఆ ఒక్కటి కలిసేసరికి మిగతావీ కలుస్తాయనుకుంటాం. కానీ మీ అత్తగారి దగ్గర "మీ అబ్బాయికి రాగం ఎక్కువ" అనకండి, అక్కడ రాగ్ అంటే కోపం. పరిశ్రమ అంటే ఫ్యాక్టరీ కాదు, కష్టపడటం. ఉపన్యాసం అంటే నవల. శ్రద్ధ అంటే గౌరవం. స్నేహం అంటే పెద్దవాళ్లు చిన్నవాళ్ల మీద చూపించే వాత్సల్యం, అంచేత కోడలు అత్తగారితో "మీ మీద నాకు స్నేహం" అంటే తల మీద చెయ్యి వేసి దీవించినట్టుంటుంది. నిష్ఠుర్ అంటే క్రూరమైన అని అర్థం, మనమేమో నిష్ఠూరం అంటే దగ్గరివాళ్లు వేసే చిన్న దెప్పుపొడుపు అనుకుంటాం. ఇన్ని గోతులున్న దారిలో మీరు మూడేళ్లలో ఒక్కసారే పడ్డారంటే నిజానికి మెచ్చుకోవాలి.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మీరు అడిగిన ప్రశ్న "నేను తప్పు మాట వాడానా" అని. నేను మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సీమంతానికి రాలేదు, పెళ్లికి వెళ్లారు, ఫోటోలు చూశాను, ఏమీ అనలేదు, వదిలేశా అని ఒక పేజీ రాశారు. వదిలేసిన విషయానికి ఎవరూ పేజీ రాయరమ్మా. మీరు ప్రేమ అనుకుని రాసిన మాట, మీరు చెప్పకుండా దాచుకున్నదాన్ని చెప్పేసింది. అత్తగారు తప్పుగా అర్థం చేసుకోలేదు, మీ వాక్యాన్నీ సరిగ్గానే చదివారు, మీ మనసునీ సరిగ్గానే చదివారు. మీ ఉద్దేశం ఒక్కటే చదవలేకపోయారు.

మీ ఆయన పెట్టిన లవ్ సింబల్ గురించి మీరే రాశారు, తర్వాత అడిగితే "నువ్వు మనసులో ఉన్నది ధైర్యంగా చెప్పావనుకున్నా, నిజమే కదా అని పెట్టా" అన్నాడని. మీరు దాన్ని జోక్‌లా రాశారు. నాకది జోక్‌లా లేదు. ఆయనకి కూడా తెలుసు మీరు నొచ్చుకున్నారని. ఇక అత్తగారి వైపు నుంచి చూడండి, పుట్టినరోజు పొద్దున్నే కోడలు అందరిముందూ నిలదీసింది, కన్నకొడుకు దానికి గుండె బొమ్మ పెట్టి సపోర్ట్ చేశాడు, ఆడపడుచు ఏడుపు మొహం పెట్టి జాలిపడింది. ఆ కేక్ బొమ్మ వెటకారంలా అనిపించి ఉంటుంది పాపం.

అలాగని ఆవిడ వైపు ముందునుంచీ అంతా బాగానే ఉందనుకోకండి. మీ ఉత్తరంలోనే రెండు చిన్న వాక్యాలున్నాయి, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసినవి. ఒకటి, "అత్తయ్యగారు సాధ్ కోల్‌కతాలో చేస్తానన్నారు, డాక్టర్ ప్రయాణం వద్దన్నారని చెప్పాం". రెండు, "సీమంతం కార్డు నాన్నగారు వాట్సాప్‌లో పంపి, అల్లుడిగారి చేత ఇంట్లో చెప్పించారు". ఇప్పుడు నాకు కోల్‌కతాలో కూర్చున్న పెద్దావిడ కనిపిస్తున్నారు. సాధ్ అంటే వాళ్లకి మన సీమంతం లాంటిదే, కడుపుతో ఉన్న పిల్లకి ఇష్టమైనవన్నీ వండి కూర్చోబెట్టి తినిపించడం, పాయేష్‌తో సహా. మొదటి మనవడో మనవరాలో, ఆవిడ ఎంత ప్లాన్ చేసుకుని ఉంటుంది. ప్రయాణం వద్దన్నారు అన్నారు, సరే అంది. ఆ తర్వాత అదే పిల్ల రైలెక్కి కాకినాడ వెళ్లింది. డాక్టర్ విమానం వద్దన్నారనీ, కోల్‌కతాకి రైల్లో ఒకటిన్నర రోజు కూర్చోవడం వేరు, కాకినాడ ప్రయాణం వేరు అనీ మీకు తెలుసు, ఆవిడకి ఎవరైనా వివరంగా చెప్పారా? దాని మీద పిలుపు చూస్తే ఒక బొమ్మ, అదీ కొడుకు ద్వారా. మన గోదావరి జిల్లాల్లో బొట్టు పెట్టి పిలవకపోతే పక్కవీధిలో పెళ్లికి కూడా వెళ్లరు కదా, మీ నాన్నగారినే ఎవరైనా అలా పిలిస్తే ఆయన వెళ్తారా? అందుకని మోకాళ్ల నొప్పులు సగం నిజం, సగం ఓభిమాన్ అయి ఉంటాయని నా అనుమానం. బర్ధమాన్ పెళ్లివాళ్లు ఇంటికొచ్చి పిలిచి ఉంటారు, అదీ సంగతి.

అంటే మీ మెసేజ్ కంటే ముందే అక్కడ ఒక ఓభిమాన్ ఉంది, మీది దానికి ఎదురెళ్లి తగిలింది. ఇద్దరూ అవతలివాళ్లే వచ్చి అలక తీర్చాలని ఎదురుచూస్తున్నారు. ఇద్దరూ కూర్చుంటే ఎవరు లేస్తారు?

ఖరగ్‌పూర్‌లో మా పక్క క్వార్టర్‌లో ఒక మాషీమా, అంటే పిన్నిగారు, ఉండేవారు. ప్రతి సంక్రాంతికి మా అమ్మ అరిసెలు పంపేది, ఆవిడ పీఠే, వాళ్ల బియ్యప్పిండి పిండివంట, పంపేవారు. ఒక ఏడాది మాకు మైల, పండగ లేదు, అమ్మ ఏమీ పంపలేదు, ఎందుకో కబురు కూడా చెప్పలేదు. పది రోజులు ఆ కిటికీ తెరుచుకోలేదు. పదకొండో రోజు ఆవిడే గిన్నె పట్టుకుని వచ్చి, కళ్లల్లో నీళ్లతో, ఓభిమాన్ వచ్చింది నాకు అన్నారు. మా అమ్మ బెంగాలీ అంతంత మాత్రం, ఆ ఒక్క మాట పట్టుకుని "మాకూ మీ మీద బోలెడు ఓభిమాన్" అంది సంతోషంగా. ఆవిడ బిత్తరపోయి "తప్పు మీది, మళ్లీ మీకెందుకు?" అని. ఎనిమిదేళ్ల దాన్ని, నేను మధ్యలో నిలబడి ట్రాన్స్‌లేట్ చేయాల్సి వచ్చింది. అందుకే ముందే చెప్పాను, నాకు బాగా తెలిసిన గొడవ అని.

ఇక మీరేం చేయొచ్చు. "ఇది చేసెయ్యండి" అని నేను చెప్పలేను, ఎందుకంటే ఆవిడ గొంతు నేను వినలేదు, మీరు విన్నారు. కానీ ఒక్కో దారి ఎక్కడికి పోతుందో చెబుతా.

అన్నిటికన్నా తేలికైంది, మాట తేడా ఒక్కటి చెప్పేయడం. మా భాషలో అభిమానం అంటే ప్రేమండీ, నాకు తెలియక రాశాను, అని. ఆవిడ నవ్వుతారు, పిషీ నవ్వుతారు, ఇది మీ ఇంట్లో ఇరవయ్యేళ్లు చెప్పుకునే కథ అవుతుంది, ఫోన్లు మళ్లీ మొదలవుతాయి. ఎనిమిదో నెలలో ఉన్నారు, మనసుకి ప్రశాంతత కావాలి అనుకుంటే ఇదే చాలు, తప్పేం లేదు. కాకపోతే సీమంతం ముల్లు మీ దగ్గరా, సాధ్ ముల్లు ఆవిడ దగ్గరా అలాగే ఉంటాయి, బారసాల దగ్గర మళ్లీ ఒకటి గుచ్చుకోవచ్చు. ఇంకో చిన్న విషయం కూడా ఉంది. ఆవిడ ఈ నెలన్నర అలిగి కూర్చున్నది ఉత్తి అపార్థం మీద అని తేలితే కాస్త చిన్నతనంగా అనిపిస్తుంది, "ఓహో, ఈ పిల్లకి నా మీద నొచ్చుకునేంత ఏమీ లేదన్నమాట" అని కూడా అనిపించొచ్చు. నవ్వకండి, ఓభిమాన్ తెలిసినవాళ్లకి అది మర్యాద. కోడలు ఓభిమాన్ పడిందంటే నన్ను తల్లిలా అనుకుంటోందనే లెక్క.

రెండోది, రెండు అర్థాలూ మీవే అని ఒప్పుకోవడం. "నేను రాయాలనుకున్నది ప్రేమ, మీరు చదివింది బాధ, రెండూ నిజమే, మీరు సీమంతానికి రాలేదని నేను బాధపడ్డాను, చెప్పలేకపోయాను" అని. ఇది కష్టం. మీరిలా అంటే ఆవిడ తన లెక్కలు కూడా బయటికి తీస్తారు, కాకినాడ వెళ్లగలిగావు గానీ కోల్‌కతా రాలేకపోయావా అంటారు, ఏడుస్తారు, మీరూ ఏడుస్తారు. ఆ మాట వచ్చినప్పుడు "డాక్టర్ అలా అన్నారు" అని వాదనకి దిగితే మొత్తం పాడవుతుంది, "అవునమ్మా, మీకు సరిగ్గా చెప్పాల్సింది" అనగలిగితేనే ఈ దారి. ఆ ఓపిక ఈ రోజుల్లో మీకుందా అన్నది మీ ఒంటికే తెలుసు. లేకపోతే ముందు మొదటిది చేసి, ఇది డెలివరీ అయ్యాక ఎప్పుడో మధ్యాహ్నం పూట ఇద్దరూ పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు చేయొచ్చు.

మూడోది ఊరుకోవడం. బిడ్డ పుట్టాక అన్నీ సర్దుకుంటాయి అని మీ అమ్మగారు అన్నారట. చాలాసార్లు నిజంగానే సర్దుకుంటాయి, పసిబిడ్డని చూశాక ఎవరికి పంతాలు గుర్తుంటాయి. కానీ ఆవిడ డెలివరీకి రావాలని మీరు కోరుకుంటున్నారు, ఊరుకుంటే రారు, పిలవని ఇంటికి రెండోసారి అసలు రారు. పైగా గ్రూపులో పద్నాలుగు మంది చదివిన మెసేజ్ అది, మీరు చెప్పకపోతే దాని కథ పిషీ చెబుతుంది.

ఇంకోటి మీ చేతుల్లో లేదు, మీ నాన్నగారి చేతుల్లో ఉంది. ఆయన స్వయంగా ఫోన్ చేసి వియ్యపురాలిగారిని పురిటికి రమ్మని, బారసాలకి ఉండమని పిలవడం. వచ్చీరాని హిందీ అయినా పర్వాలేదు, ఆ కష్టం కూడా పిలుపులో భాగమే. దీనితో ఆవిడ మొదటి ఓభిమాన్, అదే కార్డు తాలూకుది, దానంతటదే కరుగుతుందని నాకనిపిస్తోంది. కానీ మీ నాన్నగారు "మగపెళ్లివాళ్లని ఇప్పటికే నెత్తిన పెట్టుకున్నాం, మళ్లీ నేను బతిమాలాలా" అనొచ్చు. ఆయనకి అభిమానం అడ్డొస్తుంది, ఈసారి మన అర్థంలో, అభిమానం చంపుకోవడంలో ఉన్న అభిమానం. ఆయన్ని బలవంతపెట్టకండి. కార్డు సంగతి గుర్తుచేసి వదిలేయండి, ఆలోచించుకుంటారు.

మీ ఆయన గురించి ఒక్క మాట. మంచివాడే, కానీ పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం నుంచి తీసేయండి. తన భాషలో ఉన్న ఇంత సున్నితమైన మాటని ఈగో అని ఇంగ్లీషులోకి దింపాడు, ఆ ముక్క పట్టుకుని మీరు నెలన్నర ఆవిడకి పొగరనుకున్నారు. ఇంగ్లీషులో దానికి సరైన మాట దొరక్కపోవడం ఆయన తప్పు కాదులెండి. "అమ్మ ఫీలైంది, నువ్వొకసారి అడుగు" అని ఉంటే సరిపోయేది. మీరిద్దరూ మాట్లాడుకునేటప్పుడు ఆయన పక్కన ఉంటే చాలు, మధ్యలో వద్దు.

ఏ దారైనా గ్రూపులో మాత్రం రాయకండి. రాతలో ఓభిమాన్ ఏ గొంతుతో అన్నారో తెలీదు, అక్కడే కదా మొదలైంది. ఫోన్ చేయండి, వీడియో అయితే ఇంకా మంచిది, పొట్ట కనిపిస్తుంది, సగం అలక అక్కడే పోతుంది. ప్రేమ అని చెప్పాలంటే "తోమాకె ఖూబ్ భాలోబాషి" అనండి, అందులో గోతులేం లేవు.

రమ్మని పిలవాలంటే మీకో మాట ఇస్తాను. మనకి ఆపేక్ష అని ఒక మాట ఉంది, కాకినాడలో ఇప్పటికీ అంటారు కదా, "మా పిన్నికి మేమంటే ఆపేక్ష" అని. అదే అపేక్ష బెంగాలీకి వెళ్లి ఓపెఖ్ఖా అయింది, అక్కడ దానర్థం ఎదురుచూడటం. మీరు ఆ రోజు అభిమానం బదులు ఈ మాట రాసుంటే, తప్పు అర్థంలోనే అయినా, ఆవిడ టికెట్ బుక్ చేసుకునేవారేమో! ఇప్పుడు సరైన అర్థంలోనే వాడండి. "మా, తోమార్ జొన్నో ఓపెఖ్ఖా కోర్ఛి." అమ్మా, మీ కోసం ఎదురుచూస్తున్నాను. మీ ఆపేక్ష కూడా అందులోనే ఉంటుంది, అది ఆవిడకి తెలియాల్సిన పని లేదు, మీకు తెలిస్తే చాలు. హౌరా నుంచి మనవైపు వచ్చే రైళ్లు సామర్లకోటలో ఆగేవి ఉన్నాయి, ఒక రాత్రి పడుకుంటే వచ్చేస్తుంది, మోకాళ్లకి కింది బెర్త్ చూసి మీరే టికెట్ తీసి పంపండి, మీ ఆయన్ని హౌరాలో ఎక్కించమనండి.

ఫోన్ మాత్రం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య చేయకండి. అన్నం తిని పడుకునే టైమ్ అది, ఆ నిద్ర చెడగొడితే వచ్చేది ఓభిమాన్ కాదు, అచ్చమైన రాగ్.